మా మరిది మార్చిన కమాన్లు

మొన్న తెల్లారకముందే మా ఊరు నెక్కొండ నుంచి కబురొచ్చింది, మా మరిది పోయాడని. అందరూ ఏడుస్తున్నారు. నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఇన్నేళ్ళు ఒకే వాకిట్లో బతికి, మేమిద్దరం ముఖాలు చూసుకొని మాట్లాడుకున్నది ఎంత తక్కువో అప్పుడు తెలిసింది.

ఎనభైలలో మా ఊళ్ళో కారున్నది అతనికొక్కడికే, పాత అంబాసిడర్. పెళ్ళిళ్ళకూ దవాఖానకూ కిరాయికి తిప్పేవాడు. పొద్దున బండి తుడవందే చాయ ముట్టేవాడు కాదు. ఎవరైనా డోరు ధడాల్న వేస్తే, "మెల్లగ, అది గూడ మనింటి మనిషే" అనేవాడు.

మిరపకాయల సీజన్లో వెనక సీటు తీసేసి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు వేసుకుపోయేవాడు. ఆ బరువుకు బండి వెనక భాగం నేలకు ఒంగేది. మార్కెట్లో వాళ్ళు బండి కూసున్నదని నవ్వారట. అది మనసులో పెట్టుకొని, వెనక చక్రాల మీద బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు, అవే కమాన్లు, రెండువైపులా మార్చేశాడు. చాలదన్నట్టు ఒక్కో కట్టలో పట్టీలు ఎక్కువ వేశాడు. బండి తోకెత్తిన కోడిలా నిలబడింది. మురిసిపోయాడు.

ఆ నెలలోనే వరంగల్‌లో నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇంటికి తీసుకురావడానికి అతనే వచ్చాడు. పక్కన మా అత్త. బస్తాలుంటే మెత్తబడే ఆ కమాన్లు ఇద్దరాడవాళ్ళ బరువుకు ఏమాత్రం వంగలేదు. గుంత వచ్చినప్పుడల్లా సీటు నన్ను ఎగరేసింది. కుట్లు పిగులుతున్నాయని తెలుస్తూనే ఉంది. మా అత్తకా చెవుడు. ఆమెకు వినపడేలా అరిస్తే ముందున్న మరిదికీ వినపడుతుంది. మరిదికి వదినె ఆ చోటు నొప్పి అని ఎట్లా చెప్పుకుంటుంది? కొంగు నోట్లో కుక్కుకున్నాను. అతనేమో బండి ఎంత గట్టిగా నిలబడిందో చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఇంటి ముందు దిగేటప్పుడు సీటు మీద నెత్తురు చూశాడు. మళ్ళీ దవాఖానకు, ఈసారి రైల్లో. నేను బతికి బట్టకట్టి వచ్చేసరికి అతను మా ఇంట్లో అన్నం తినడం మానేశాడు. నేను ఎదురైతే గోడవైపు తిరిగేవాడు. నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ నెత్తురు అతను చూశాడన్న సిగ్గు నాది.

ఒకరోజు ఇంటి వెనక, బండి కింద పని చేయడానికి తవ్వుకున్న గుంత మీద బండి నిలిపి, పాత కమాన్లే మళ్ళీ వేశాడు. బోల్టులు చివరికి బండి మీద బరువుండగానే బిగించాలట, లేకుంటే కమాన్ల కొసల్లో ఉండే రబ్బర్లు తెగిపోతాయట. జర వచ్చి వెనక సీట్లో కూసోమని మా అత్తతో చెప్పించాడు. బరువే కావాలంటే బస్తాలున్నాయి. అయినా పోయి కూర్చున్నాను.

కింద పానా చప్పుడు ఆగింది.

"నొప్పయితాందని ఒక్కమాటన్న చెప్పకపోతివి వదినె."

"నీకెట్ల చెప్పాలె నేను?"

"బస్తాల కోసం చేసిన. మనుషులను మరిసిన" అన్నాడు. మళ్ళీ బోల్టులు బిగించసాగాడు.

నేను దిగి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసేదాకా గుంతలోంచి పైకి రాలేదు. సందులోంచి చూశాను. వెనక డోరు తీసి, నేను కూర్చున్న చోట అరచేత్తో నొక్కుతున్నాడు. నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కుతున్నాడు.