రెండో పట్టీ

మా వీధి చివర ఒంటి షట్టరు గదిలో వెల్డింగు చేసే ఆయన్ని అందరూ "ఇంకోసారి బాబాయి" అంటారు. పని ముగించి, ఇంటికొచ్చి, చొక్కా విప్పి కొక్కానికి తగిలించాక, "ఇంకోసారి చూసొస్తా" అంటూ మళ్ళీ చొక్కా తొడుక్కోవడం ఆయన అలవాటు. అతుకు పెట్టిన చోట సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, ఆ మోత చెవికి నచ్చితే గాని కుదుటపడడు. "నిద్ర పట్టాక కూడా లేచి, పట్టిందో లేదో ఇంకోసారి చూసుకుంటారు" అంటుంది వాళ్ళావిడ. ఆవిడ మా అందరికీ పిన్ని.

ఆ చాదస్తం వల్ల సుఖపడింది మేమే. మేడ మీది ముసలావిడ వాకరుకు ఒక కాలు విరిగితే, ఆయన నాలుగు కాళ్ళూ సరిచేసి, చేతికి గీరుకోకుండా అంచులన్నీ ఆకురాయితో అరగదీసి, తనే మోసుకెళ్ళి ఇచ్చాడు. ఒక అతుకు పెట్టమంటే రెండు పెడతాడు. ఎందుకంటే "రెండోది నా తృప్తికి" అంటాడు. దేవుడు ఆయన నోటికి తీపి మాటలివ్వలేదు గాని, చేతులకు దయ ఇచ్చాడని మా అమ్మ అంటుండేది. ఆ దయే ఒక ఆదివారం ఆయన మెడకు చుట్టుకుంది.

ముందురోజు, శనివారం పొద్దున, పిన్ని తమ్ముడు వచ్చాడు. మీటింగులకూ వేడుకలకూ స్పీకర్లు బిగించే పని అతనిది.

"బావా, చిన్న పని. అరగంట కూడా పట్టదు."

"నీ చిన్న పనులు నాకు కొత్తా? కిందటిసారీ అరగంటే అన్నావు. పొద్దుగూకింది."

"అది నువ్వు ఇంకోసారి ఇంకోసారి అని చుట్టూ తిరగబట్టి."

మూతపడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ హాలు. అందులో ఆదివారం మధ్యాహ్నం నుంచి కుర్రకారు డాన్సు పార్టీ. అనుమతి తీసుకోలేదు. అడిగితే దారులెన్ని, మంటలార్పే సిలిండర్లెన్ని అని ప్రశ్నలు వేస్తారట. చోటెక్కడో కూడా ఆదివారం పొద్దునే ఫోన్లకు మెసేజి పంపుతారట. టికెట్ లేనివాళ్ళు వెనక తలుపు గుండా దూరుతారని, దాన్ని మూసేయాలని పార్టీ పెట్టేవాడి కోరిక. నల్ల కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని తిరిగే ఆ మనిషిని, అతను లేనప్పుడు, బావమరిది "కళ్ళజోడు" అనే పిలిచేవాడు.

"ఒక ఇనప పట్టీ అడ్డంగా కొట్టెయ్యండి, చాలు" అన్నాడు కళ్ళజోడు.

వాళ్ళు వెళ్ళేసరికి హాలు ఖాళీగా ఉంది. నేల మీద పావురాల రెట్టలు, గోడ మీద పాత క్యాలెండరు తప్ప ఏమీ లేవు. వెనక తలుపుకు బయటికి తెరుచుకునే రెండు ఇనప రెక్కలు. బాబాయి బయట వెనక సందులో నిలబడి, రెండు రెక్కలనూ కలుపుతూ నడుము ఎత్తున ఒక పట్టీ అతికించాడు. తోసి చూశాడు. పైభాగం కొంచెం ఊగింది. ఊగేదాన్ని వదిలేసి వెళ్ళడం ఆయన వల్ల కాదు. తలకంటే జానెడు ఎత్తున రెండో పట్టీ వేశాడు. సుత్తితో కొట్టాడు. మోత బాగా వచ్చింది.

"ఇక ఏనుగొచ్చి తోసినా కదలదు బావా" అన్నాడు బావమరిది. బాబాయి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

ఆదివారం అన్నం తింటుండగా బావమరిది ఫోను చేశాడు. వెనకాల దడదడమని ఒకటే చప్పుడు.

"బావా, జనం ఇరగబడ్డారు. కాలు పెట్టే సందు లేదు. నీ తలుపు మాత్రం భలే ఆగింది."

"వెనక దారి లేదుగా. మరి బయటికెలా వస్తారు?"

"వచ్చిన దారినే వస్తారు. నీకన్నీ అనుమానాలే" అని పెట్టేశాడు.

బాబాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ముందు దారి ఆయన చూశాడు. ఇద్దరు పక్కపక్కన నడిస్తే భుజాలు గోడలకు రాసుకునే నడవ అది. అందులో సగానికి టికెట్లు చూసేవాళ్ళ బల్ల. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అంది పిన్ని.

"ఇంకోసారి చూసొస్తా."

"తిన్నాక చూడచ్చుగా. తలుపెక్కడికీ పోదు."

"అదేనే భయం" అన్నాడాయన.

ఫ్యాక్టరీ నడవలో అడుగుపెట్టగానే పొయ్యి మూత తీసినట్టు వేడి గాలి మొహాన కొట్టింది. బల్ల మీదుగా లోపలికి తొంగి చూశాడు. చప్పుడు బయటికి పోకుండా కిటికీలకూ గోడలకూ పాత పరుపుల్లోని స్పాంజి ముక్కలు మేకులు కొట్టి వేలాడదీశారు. వెనక తలుపు మీద కూడా. నేల మీద టేపు చుట్టిన వైర్లు, వాటి పక్కన ఒలికిన నీళ్ళు. చెప్పులు లేని ఒక అమ్మాయి పాదానికి గాజు గుచ్చుకుంటే, ముక్కూ మొహం తెలియని కుర్రాడొకడు కింద కూర్చుని ఆమె కాలు తన మోకాలి మీద పెట్టుకుని, ఫోను లైటు వెలుగులో గాజుముక్క తీస్తున్నాడు. వాళ్ళ చుట్టూ జనం గెంతుతూనే ఉన్నారు.

కళ్ళజోడు ఎదురొచ్చాడు.

"వెనక తలుపు తెరవాలి బాబూ."

"రేపు తెరుద్దురుగాని పెద్దాయనా. మీకు ఇంకో పని దొరికినట్టేగా."

"ఈలోగా లోపల ఏదైనా అయితే?"

"ఏమవుతుంది? గెంతుతారు, చెమట పడుతుంది, ఇంటికి పోతారు. మీరు మూయడానికొచ్చారా, శకునాలు చెప్పడానికొచ్చారా?"

భుజం మీద చెయ్యివేసి, మర్యాదగానే, రోడ్డు మీదికి నడిపించాడు. బాబాయి బావమరిదికి ఆరుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు. ఆ మోతలో వినపడితేగా.

ఇంటికి దాదాపు పరుగున వచ్చి సంగతి చెప్పాడు. "ఫైరాఫీసుకు ఫోను చేస్తానండీ" అంది పిన్ని.

"చెయ్యి. కానీ వాళ్ళొచ్చేలోగా ఆ తలుపు తెరుచుకోవాలి. యూనిఫారం కనబడితే లోపలివాళ్ళు ఒక్కసారిగా పరుగెత్తుతారు. ఎటు పరుగెత్తుతారు?"

పిన్ని ఫోను చేస్తుండగా ఆయన షెడ్డులోకి వెళ్ళి గ్రైండరు అందుకున్నాడు. దానితో పట్టీ కోయడం రెండు నిమిషాల పని. వైరు చుట్టుకుంటూ సగంలో ఆగిపోయాడు. గ్రైండరు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. రెక్కల మధ్య సందు ఉంది. అవతల స్పాంజి. గ్రైండరును ఎక్కడ తీశాడో అక్కడే పెట్టేసి, సుత్తీ ఉలీ సంచిలో వేసుకుని, గోడకున్న చేతిరంపం తీసుకున్నాడు. దానికి ఉన్నది ఒక్కటే బ్లేడు, అదీ పళ్ళరిగింది. ఆదివారం, దుకాణాలు లేవు.

పక్క వాటాలో కుళాయిలు బాగుచేసే ఆయన భోంచేసి పడుకున్నాడు. తలుపు కొడితే కళ్ళు నులుముకుంటూ లేచి, ఎందుకని కూడా అడగకుండా మూడు బ్లేడ్లు చేతిలో పెట్టాడు. "కొత్తవే అన్నా. ఉంచుకో" అన్నాడు. ఆ మనిషి మేలు బాబాయి ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాడు.

పిన్ని వంటింటి ఎత్తుపీట చంకన పెట్టుకుని వెంట నడిచింది. "నువ్వెందుకు?" అంటే, "పీట మీద మీరెక్కితే కింద పట్టుకునేదెవరు? పైగా నా తమ్ముడు లోపలున్నాడు" అంది.

ఫ్యాక్టరీ వెనక సందులో మురుగు కాలువ, విరిగిన ఇటుకలు. తలుపు మీద చెయ్యి ఆనిస్తే లోపలి మోతకు ఇనుము వణుకుతోంది. కింది పట్టీ దగ్గర, రెక్కలు కలిసేచోట, రంపం పెట్టాడు. రంపాన్ని తొందరపెడితే బ్లేడు విరుగుతుంది. చెయ్యి నెమ్మదిగా ఆడాలి, మనసేమో పరుగు పెడుతోంది. ఇనప పొడి వేళ్ళ మీద రాలుతోంది. పాత బ్లేడు సగం దాకా వచ్చి విరిగింది. కొత్తది బిగించాడు. కింది పట్టీ తెగేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

పీట ఎక్కి పైదాని మీద రంపం పెట్టాడు.

"ఇదొక్కటి లేకపోతే ఈపాటికి తెరుచుకునేదిగా" అంది పిన్ని, పీట పట్టుకుని.

"నన్ను తర్వాత తిట్టు."

"తిట్టడం లేదండీ. దేవుణ్ణి అడుగుతున్నా."

పావు వంతు తెగింది. అప్పుడు లోపల పాట ఆగిపోయింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత రబ్బరు కాలిన వాసన రెక్కల సందులోంచి బయటికొచ్చింది. ఆ వెంటనే అరుపులు. తడిసిన వైరు కాలి, కరెంటు పోయి, స్పీకర్ల దగ్గర పొగ లేచిందని తర్వాత తెలిసింది. పొగ ముందు నడవ వైపు ఉండేసరికి జనం వెనక్కి తోసుకొచ్చారు. తలుపు రెక్కలు దబదబ కొట్టుకున్నాయి. పట్టీ మెలిపడి, బ్లేడు ఇరుక్కుని టక్కున విరిగింది.

"వెనక్కి జరగండి, తోయకండి" అని బాబాయి ఎంత అరిచినా ఎవరికి వినపడుతుంది?

పిన్ని సుత్తి తీసుకుంది. తలుపు మీద ఆగి ఆగి మూడేసి దెబ్బలు కొడుతూ, చిన్నప్పుడు తమ్ముణ్ణి స్నానానికి పిలిచిన గొంతుతో, "ఒరే బొండాం, ఒరే బొండాం" అని పిలిచింది. ముప్పై ఏళ్ళు దాటినవాణ్ణి నలుగురిలో ఆ పేరుతో పిలవొద్దని అతను ఎన్నోసార్లు అలిగాడు.

"అక్కా" అని లోపలినుంచి వినపడింది, సందుకు మొహం ఆనించినట్టు. "అక్కా, ఊపిరాడటం లేదే."

"బావ పట్టీ కోస్తున్నారురా. మీరు తోస్తే బ్లేడు విరుగుతోంది. ఒక్క మూరెడు వెనక్కి. నీ వెనకవాళ్ళకు చెప్పు, వాళ్ళ వెనకవాళ్ళకు చెప్పమను. తలుపు తెరుచుకుంటోందని చెప్పు."

ఆ మాట లోపల నోటినుంచి నోటికి పాకింది. ఎవరో ఆడపిల్ల, "ఎవరూ తోయకండి, పడ్డవాళ్ళను లేపండి" అని స్థిరంగా, మళ్ళీ మళ్ళీ అంటోంది. రెక్కల ఊపు తగ్గింది. బాబాయి ఇంకో బ్లేడు బిగించాడు. ఇక మిగిలింది ఒకటే. లెక్కపెట్టినట్టు లాగాడు. పట్టీ వేలెడు మిగిలి ఉండగా ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. నాలుగో దెబ్బకు తెగింది.

"ఇప్పుడు మెల్లగా తోయండి" అంది పిన్ని.

జనం సందులోకి వచ్చారు. కొందరు కాలువలో పడి లేచారు. ఒకడి అరచెయ్యి చీరుకుపోయింది. ఒకమ్మాయి మణికట్టు వాచిపోతే, ఇంకో అమ్మాయి తన చున్నీ చింపి కట్టు కట్టింది. బావమరిది భుజం ఎముక జారి, చెయ్యి వేలాడేసుకుని వచ్చాడు. చివరికి నలుగురు కలిసి ఒక పిల్లను తలుపు చెక్క మీద మోసినట్టు చేతుల మీద మోసుకొచ్చారు. పెదాలు నీలంగా ఉన్నాయి. తలుపుకూ జనానికీ మధ్య నలిగింది ఆ పిల్లే. ఫైరువాళ్ళు అప్పటికి వచ్చి, ఆక్సిజన్ పెట్టి, బండెక్కించారు.

"ఈ తలుపు మూసిందెవరు?" అని వాళ్ళ అధికారి అడిగాడు.

"ముందునుంచీ అంతే సార్. పాత ఫ్యాక్టరీ కదా" అన్నాడు కళ్ళజోడు.

"కాదండీ. నిన్న నేనే వేశాను" అన్నాడు బాబాయి. "ఒక పట్టీ ఈయన వేయమన్నారు. పైది ఎవరూ వేయమనలేదు."

స్టేషనులో పొద్దుపోయేదాకా కూర్చోబెట్టారు. పిలిచినప్పుడు రావాలని రాయించుకుని పంపారు. ఇంటికొచ్చి చొక్కా విప్పలేదు, కూర్చోలేదు. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగాడు. తెల్లారగానే ఆసుపత్రికి బయల్దేరాడు.

నలిగిన పిల్లకు పక్కటెముకలు మూడు విరిగాయి. ఛాతీలో ట్యూబు వేశారు. ప్రాణానికి భయం లేదు గాని నెల పడుతుందన్నారు. మంచం పక్కన వాళ్ళమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. మిల్లులో పనిచేసే మనిషి, ఒంటి మీద ఇంకా పని బట్టలే. ఎవరో పరామర్శకు వచ్చాడనుకుని, ఫ్లాస్కులోంచి సగం గ్లాసు టీ పోసి ఇచ్చింది. "మీరూ రాత్రంతా నిద్రపోయినట్టు లేరు" అంది.

బాబాయి గ్లాసు తాగకుండా కిటికీ గట్టు మీద పెట్టాడు.

"అమ్మా, ఆ తలుపు మూసింది నేను."

ఆవిడ ఆయన వైపు చూసింది. పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా ట్యూబులో చిన్న గురగుర.

"తెరిచిందెవరు?" అంది.

"అదీ నేనే. ఆలస్యంగా."

ఆవిడ మొహం తిప్పుకుని కూతురి దుప్పటి సరిచేసింది. మళ్ళీ తలెత్తలేదు.

"నేను మీతో ఏమనాలో నాకు తెలియడం లేదు. సెలైను అయిపోవచ్చింది. నేను లేస్తే ఇది భయపడుతుంది. వెళ్ళి నర్సమ్మను పిలుచుకు రండి" అంది.

బాబాయి గబగబా వరండాలోకి నడిచాడు.