స్టేటస్‌ల పెట్టిన శిక్ష

తాండూరుల నాది చిన్న టైలరింగ్ దుకాణం. ఆ శనివారం మిషన్ తొక్కుకుంటనే ఫోన్ చూసిన. వికారాబాద్‌ల ఉండే మా తమ్ముడు స్టేటస్ పెట్టిండు. నాలుగో తరగతి చదివే వాని బిడ్డ చెవులు పట్టుకొని గుంజీలు తీస్తున్నది. మిషన్ చప్పుడుకు మాటలు వినపడలేదు. ఏదో ఆట అనుకొని నవ్వే బొమ్మ పంపిన.

ఇంటికి పోయినంక మళ్ల పెట్టుకొని విన్న. "నేను ప్రోగ్రెస్ కార్డు మీద డాడీ సంతకం పెట్టిన. నేను దొంగను" అని ఏడ్సుకుంట చెప్తున్నది పిల్ల. "గట్టిగ చెప్పు, అందరికీ వినపడాలె" అని వెనుక నుంచి మా తమ్ముని గొంతు.

తెల్లారి మొదటి రైలుకే పోయిన. వాడు తీరుబాటుగ చాయ్ తాగుతున్నడు.

"ముందు అది తీసెయ్" అన్న.

"ఏమైందక్కా? నాయిన మనల్ని బెల్టుతోని కొట్టలేదా? నేను చెయ్యి గూడ లేపలేదు."

"నాయిన కొట్టిన సంగతి ఇంట్లనే ఉండె. తెల్లారి బడికి తల ఎత్తుకొనే పోయినం. నువ్వు దీన్ని ఎందరి ముంగట నిలబెట్టినవో ఎరుకనా? టీచర్లున్నరు, ఆటో ఆయన ఉన్నడు, దోస్తుల అమ్మలున్నరు."

"సిగ్గుపడాలెననే పెట్టిన."

"సంతకం ఎందుకు పెట్టిందో అడిగినవా?"

అడగలేదు. లెక్కల మార్కులు తగ్గినప్పుడల్ల వీడు ఇల్లెగిరేటట్టు అరుస్తడు. తొమ్మిదేండ్ల పిల్లకు అంతకంటే ఏం తోస్తది? మా మరదలు వంటింట్లకెళ్లి బయటికి రాలేదు. వాడు గొణుక్కుంట ఫోన్ తీసి డిలీట్ చేసిండు.

లోపలి గదిల పిల్ల గోడ దిక్కు తిరిగి పండుకున్నది. "బిడ్డా" అని చెయ్యేస్తే తోసేసింది.

"నువ్వు గూడ నవ్వినవ్ గదా అత్తా. డాడీ చూపిచ్చిండు."

వినకుండ పంపిన అని చెప్తే దానికేం ఒరుగుతది? "తప్పైంది బిడ్డా" అన్న. అది ఇటు తిరగలేదు.

సోమవారం ఆటోల పిల్లలు దాన్ని చూసి చెవులు పట్టుకొని నవ్విన్రట. వారం దాక బడికి పోనన్నది. ఇప్పుడు పోతున్నది గని ఇంట్ల ఎవరితోని ముచ్చట పెట్టది. ఇదివరకు వాళ్లమ్మ చేతుల ఫోన్ గుంజుకొని బడి సంగతులన్ని నాకు చెప్పేది. ఇప్పుడు "బాగున్న అత్తా" అని ఇచ్చేస్తది.

మొన్న మా తమ్ముడు ఫోన్ చేసి సంబురంగ అన్నడు: "చూసినవా అక్కా, ఎంత బుద్ధిమంతురాలైందో. ఇప్పుడు నోట్లకెళ్లి మాటే రాదు."

ఫోన్ కట్ చేసిన. ఇప్పటిదాక వానితోని మాట్లాడ బుద్ధి కాలేదు.