చారల రాయి కనబడని పిల్ల

ఆ బడిలో ఒకటో తరగతి చెప్పే ఆవిడను పిల్లలు మట్టి టీచరు అంటారు. ఎదురుగా కూడా అలాగే పిలుస్తారు, ఆవిడా పలుకుతుంది. ఆవిడ చేతిసంచి దులిపితే ఒక గది ఇల్లు కట్టుకోవడానికి చాలినంత ఇసుక రాలుతుందని ఆవిడ భర్త అంటాడు. ఆయన వాచీలు బాగుచేసే మనిషి కాబట్టి ఇసుకంటే ఆయనకు పాత పగ.

ఇసుక రేణువు కొండకు ముని మనవరాలు ఎలా అవుతుందో, వాన రాతిని ఎలా అరగదీస్తుందో ఆవిడ చెబుతుంటే పక్క తరగతి పిల్లలు వచ్చి కిటికీలకు వేలాడతారు. ఒకసారి ఆవిడ వాన గురించి చెబుతుంటే తరగతిలో సగం మంది గొడుగులు తెరిచారట. సగం అన్నది కాస్త ఎక్కువే. తెరిచింది ముగ్గురు.

ఏటా ఒక సీసా పాఠం ఉంటుంది. వెడల్పు మూతి ఉన్న పెద్ద గాజుసీసాలో గులకరాళ్ళు, ఇసుక, మట్టి వేసి, నీళ్ళు పోసి, మూత బిగించి, పిల్లలు తలా ఒకసారి ఊపుతారు. ఆ తర్వాత కదపకుండా ఉంచితే అడుగున రాళ్ళు, వాటి మీద ఇసుక, ఆ పైన మెత్తటి మట్టి, అన్నిటికీ పైన తేటనీళ్ళు. దుప్పట్లు మడిచి పేర్చినట్టు ఉంటుంది. చిక్కల్లా మట్టితోనే. రాళ్ళు టక్కున కూర్చుంటాయి, ఇసుక రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది, మెత్తటి మట్టి మాత్రం రాత్రంతా నీళ్ళలో షికారు చేస్తే గాని కిందికి దిగదు. మొదటి ఏడు టీచరు బుద్ధిగా కాచుకుని కూర్చుంది. "అయిందా టీచర్?" అని నలభై మంది నిమిషానికోసారి అడిగి ఆవిడ ప్రాణం తోడేశారు. మర్నాడు సీసా తేటపడే సరికి ఒక్కరికీ దాని ఊసే గుర్తులేదు.

రెండో ఏటి నుంచి ఆవిడ రెండు సీసాలు పెట్టింది. ఒకటి మూడు రోజుల ముందే కలిపి బీరువాలో దాచేది. పిల్లలు అన్నాలకు వెళ్ళగానే వాళ్ళు ఊపిన సీసా బీరువాలోకి పోయేది. బీరువాలోదాన్ని నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి బల్ల మీద పెట్టేది. చేతులు కడుక్కుని వచ్చిన పిల్లలు "హా!" అనేవారు. ఆ "హా" కోసం ఆవిడ ఏడాది పొడుగునా ఎదురుచూసేది. జరగబోయేదాన్నే కాస్త ముందు చూపిస్తున్నాను, ఇందులో తప్పేముంది అనుకునేది. ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ పట్టుకోలేదు.

ఈ ఏడు సీసా పాఠం చూడటానికి పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. పిల్లల కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. ఆ గాభరాలో టీచరు ఒక సంగతి పట్టించుకోలేదు. అందరూ గువ్వ అని పిలిచే మేస్త్రిగారి కూతురు, నాన్న పనిచేసే చోట కంకర గుట్టలో దొరికిన రాయి ఒకటి తెచ్చి, తన చేత్తో సీసాలో వేసింది. నల్లరాయి, నడుం చుట్టూ తెల్లచార.

అన్నాలయ్యాయి. అందరూ "హా!" అన్నారు. గువ్వ సీసా చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి మళ్ళీ తిరిగింది.

"టీచర్, నా రాయి లేదు."

అధికారి కలం ఆగింది.

"ఎందుకుండదమ్మా! అదిగో ఆ మూల ఉంది. సరిగ్గా చూడు."

"చూశాను. లేదు."

"నాకు కనబడింది టీచర్!" అన్నాడు ముందు వరసలో పన్నూడిన పిల్లాడు.

"నాక్కూడా!" "చార కూడా కనబడింది!" మిగతా అందరికీ వరసగా కనబడింది. అధికారి కూడా కళ్ళజోడు సర్దుకుని, "ఆఁ, అదిగో," అన్నాడు.

గువ్వ కళ్ళు నులుముకుంది. మళ్ళీ చూసింది. "నాకు మాత్రం కనబడట్లేదు," అని నెమ్మదిగా అని, వెళ్ళి తన చోట కూర్చుంది.

సాయంత్రం గేటు దగ్గర మేస్త్రి టీచరు కోసం కాచుకుని ఉన్నాడు. చేతుల మీద సిమెంటు ఇంకా ఆరలేదు.

"టీచర్‌గారూ, రేపు పాప బడికి రాదండి. కళ్ళ డాక్టరుకి చూపిద్దామని. అందరికీ కనబడ్డ రాయి దీనికి కనబడలేదంట. ఎదిగే పిల్ల, భయమేసింది."

నిజం చెప్పేయడానికి అంతకంటే మంచి సమయం లేదు. టీచరు నోరు తెరిచింది కూడా. "మంచిదే, చూపించండి," అంది.

ఆ మాట అన్నది తనేనా అని ఆవిడకే అనుమానం వచ్చింది. మేస్త్రి వెళ్ళబోతూ ఆగాడు.

"మేమూ సీసాలో ఊపుతామండి, లారీ ఇసుక దిగినప్పుడల్లా. మట్టి ఎంత కలిసిందో తెలుస్తుందని. మాకైతే తెల్లారేదాకా తేటపడదు. అన్నాలు తినేలోపలే మీకు తేటపడిందంటే, మీ చేతిలో ఏదో ఉంది!"

ఎగతాళేమోనని టీచరు ఆయన మొహం వెతికింది. ఆ మొహంలో గౌరవం తప్ప ఏమీ లేదు. ఎగతాళి అయినా బాగుండేది.

చీకటి పడుతుండగా మేస్త్రికి ఫోను చేసింది. ఆయన "హలో" అనగానే, "పాప హోంవర్కు చేసిందా?" అని అడిగి పెట్టేసింది.

కంటికి భూతద్దం తగిలించుకుని గడియారం విప్పుతున్న భర్త తలెత్తాడు. "చెప్పడానికి చేశావా, హోంవర్కు అడగడానికి చేశావా?"

"నోరు రాలేదండీ."

"రేపు ఆ పిల్లకి అద్దాలు పెట్టేస్తే?"

"కళ్ళు బాగుంటే డాక్టరు ఎందుకు పెడతాడు?"

"బాగున్నాయని ఆయనకి చెప్పాల్సింది ఆ పిల్లే కదే," అన్నాడాయన.

పొద్దున్నే బడికి వెళ్ళి, బీరువాలో ఉన్న అసలు సీసా మూత తీసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి, చారల రాయి వెతికి తీసింది. హెడ్‌మిస్ట్రెస్‌తో తలనొప్పి అని చెప్పబోయి ఆగి, "ఒక తప్పు చేశానమ్మా. గంటలో వస్తాను," అంది.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కళ్ళ డాక్టరు గది ఒక కళ్ళజోళ్ళ కొట్టు వెనక ఉంది. గువ్వ ఎత్తుకుర్చీలో కూర్చుంది. కాళ్ళు నేలకు అందడం లేదు. ఎదురుగా బొమ్మల బోర్డు. డాక్టరు కర్రతో పైబొమ్మ చూపించాడు.

"ఇదేంటి పాపా?"

గువ్వ బొమ్మ వైపు చూసింది. తర్వాత డాక్టరు మొహం వైపు చూసింది. "మీకేం కనబడుతోంది?"

"నా సంగతెందుకమ్మా, నీకేం కనబడుతోందో చెప్పు."

"మీరు ముందు చెప్పండి. నాకూ అదే కనబడుతుంది."

మేస్త్రి తల పట్టుకున్నాడు. "మొన్నటిదాకా కరెంటు తీగ మీద పిట్టల్ని లెక్కపెట్టేదండీ!"

అప్పుడే వచ్చిన టీచరు గుమ్మంలో నిలబడి ఇదంతా వింది. ఇరవై రెండేళ్ళ పాఠాల్లో తను ఇంత బాగా నేర్పిన పాఠం ఇంకోటి లేదు.

"పాప కళ్ళు బాగున్నాయి డాక్టరుగారూ," అంది. "రాయి సీసాలో లేదు. సీసా మార్చింది నేను. ఏటా మారుస్తాను." గుప్పిట తెరిచింది.

"నా రాయి!" అంది గువ్వ. వెంటనే మొహం ముడుచుకుంది. "మరి వాళ్ళందరికీ ఎలా కనబడింది?"

"కనబడలేదమ్మా. నేను ఉందన్నాను కాబట్టి ఉందన్నారు."

"ఆ పెద్దాయనకి కూడానా?"

"పెద్దాయనకి కూడా."

డాక్టరు గబగబా తన అద్దాలు తుడుచుకోవడంలో పడ్డాడు. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"నిన్న గేటు దగ్గర మంచిదే, చూపించండి అన్నారు కదండీ?"

"అన్నాను."

"ఎందుకండీ?"

"సిగ్గేసి."

మేస్త్రి తిడతాడనుకుని ఆవిడ తల వంచుకుంది. తిట్టలేదు. "మట్టి అంత తొందరగా దిగదని నాకూ తెలుసండీ. నా పనే అది. అయినా మీ మాటే పట్టుకున్నాను, దీని మాట వినలేదు," అన్నాడు. ఇద్దరిలో ఎవరూ పిల్ల వైపు చూడలేకపోయారు.

గువ్వ మాత్రం బోర్డు వైపు తిరిగింది. "పైన గొడుగు. కింద చేప, కుర్చీ, తాళంచెవి. అన్నిటికంటే కింద చీమల్లా అక్షరాలున్నాయి. నాకింకా చదవడం రాదు."

"అది బోర్డు అచ్చేసిన వాళ్ళ పేరమ్మా," అన్నాడు డాక్టరు. "నాకే కనబడదు. దిగు, దిగు."

బడికి ముగ్గురూ కలిసే నడిచారు. గువ్వ నాన్న చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి ఖాళీగా ఉన్నా టీచరు పట్టుకునే సాహసం చెయ్యలేదు.

తరగతిలో రెండు సీసాలూ బల్ల మీద పెట్టి, ఆవిడ అంతా మళ్ళీ చెప్పింది. డాక్టరు గదిలో చెప్పడమే నయమనిపించింది. నలభై నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"నాకు మాత్రం నిజంగానే కనబడింది టీచర్," అన్నాడు పన్నూడినవాడు.

"అయితే ఇసుక కొండకి మనవరాలన్నది కూడా అబద్ధమేనా?" అంది వెనక వరస పిల్ల.

"ముని మనవరాలు. అది నిజమే."

"వాన రాతిని కొరుకుతుందన్నది?"

"కొరకదు. అరగదీస్తుంది. కొరుకుతుందని నేనే కలిపాను."

"ఇంకేం కలిపారు?"

గంట కొట్టేదాకా అడిగారు. ఒక్కొక్కదానికీ ఆవిడ చాక్‌పీసు నలుపుకుంటూ సమాధానం చెప్పింది. తను కలిపినవి అన్ని ఉన్నాయని ఆవిడకే తెలియదు.

చివరికి అసలు సీసాను మళ్ళీ పిల్లలందరూ ఊపారు. రాయి వేసింది గువ్వే. బురదనీళ్ళు టీ రంగులో గిర్రున తిరిగాయి. టీచరు దాన్ని కిటికీలో పెట్టి, రేపటిదాకా ఎవరూ ముట్టుకోకూడదంది.

అందరూ బయటికి పరిగెత్తారు. గువ్వ ఆగింది. జడ రిబ్బను ఊడదీసి, సీసా మెడకు చుట్టి, ముడి వేసింది. దాని మీద ఇంకో ముడి. వేళ్ళు చిన్నవి కాబట్టి రిబ్బను జారిపోతోంది.

"నేను పట్టుకోనా?" అంది టీచరు.

"వద్దు," అంది గువ్వ, తలెత్తకుండా. "మీరు ముట్టుకోకండి."

టీచరు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.