గండికోట పలక మీద పద్మనాభం మామ

అనంతపద్మనాభం గారికి భయం. దేనికని అడగకండి, మీరు అడిగిన తీరుకే ఆయన భయపడతారు. బ్యాంకులో టోకెన్ ఇచ్చే మిషన్‌కు భయపడతారు. దుకాణాల గాజు తలుపులకు భయపడతారు. ఫోన్లో ఎవరో అమ్మాయి నచ్చిన భాష కోసం ఒకటి నొక్కమంటే, తప్పు నొక్కితే ఏమవుతుందోనని ఫోన్‌ను భార్య ఒళ్లో పడేసి వరండాలోకి పోతారు. పైగా ఆయన భయం గుట్టుగా పడే భయం కాదు, వీధి చివరిదాకా వినపడే భయం. ప్రొద్దుటూరు బజారులో కొత్తగా తెరిచిన బట్టల కొట్టులో కదిలే మెట్లు పెట్టినప్పుడు, మొదటి మెట్టు ముందు నిలబడి "ఇది మనిషిని మింగుతాదప్పా, పంచె కొస దొరికితే సాలు" అంటూ వెనకున్న వాళ్లందరినీ ఆపేశారు. చివరికి ఎవరో పెద్దావిడ జాలిపడి ఆయన చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయింది.

ఆయన ఇంటి మేడ మీది గదిలో కౌముది అద్దెకుండేది. సొంతూరు పులివెందుల. ప్రొద్దుటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పీహెచ్‌డీ చేస్తోంది. కళ్లకు పెట్టెలాంటి హెడ్‌సెట్ తగిలించుకుంటే ఉన్న గది మాయమై మరో లోకం కనబడుతుంది కదా, ఆ లోకంలో మనిషికి ఏమనిపిస్తుంది, దేన్ని నిజమని నమ్ముతాడు, ఎక్కడ తల తిరుగుతుంది అన్నదే ఆమె పరిశోధన. ఒకసారి జారిపడి, మళ్లీ పడతామేమోనని నడకే మానుకున్న పెద్దవాళ్లను ఆ లోకంలో నడిపించి ధైర్యం తెప్పించవచ్చునా అని చూస్తోంది. అందుకోసం మొదట ఒక పిల్లకాలువ తయారుచేసింది, తర్వాత మైలవరం జలాశయంలో ఒక పడవ, ఆఖరున గండికోట లోయ. లోయకు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒక చెక్క పలక, అడుగున ఎక్కడో పెన్న. నిజానికి కాలేజీ ల్యాబు గదిలో ఉన్నది నేల మీద అతికించిన పసుపు టేపు మాత్రమే.

అన్నీ సిద్ధమయ్యాయి, మనుషులే రాలేదు. కళ్లు పోతాయని ఒకరు, మతి పోతుందని ఒకరు పుకారు లేపారు. పెద్దవాళ్లు ఎవరూ రాకపోతే వేరే అంశం వెతుక్కోమని పీహెచ్‌డీ గైడు తేల్చి చెప్పాడు. రెండేళ్ల పని పోతుందన్న బెంగలో కౌముది చేయకూడని పని చేసింది. కిందికి దిగి పద్మనాభం మామను అడిగింది.

ఆయన వచ్చారు. ఆమె హెడ్‌సెట్ తగిలించి, గుండె వేగం కొలిచే పట్టీ మణికట్టుకు కట్టి, మరో తప్పు చేసింది.

"మనసులో ఏమనిపిస్తే అది పైకి చెప్పండి మామా."

"అంతా చెప్పల్నా?"

"అంతా చెప్పండి. నాకు కావల్సింది అదే."

పలక అంచున అడుగు పెట్టగానే ఆయన చెప్పడం మొదలుపెట్టారు.

"కౌముదీ, కింద పెన్నేరు కనపడ్తాండాది. నేను పడితే గ్యాస్ బుక్ చేసుకోమని మీ అత్తకు చెప్పు. ఓటీపీ నా ఫోన్‌కు వస్తాది. ఫోన్ నా జోబీలో ఉండాది. నాతో పాటు అదీ పోతాది. అట్లయితే ఓటీపీ ఎట్లొస్తాదే పాపా?"

"మామా, అది టేపు. మీరు మా ల్యాబులో ఉండారు."

"నువ్వు ల్యాబులో ఉండావు. నేను గండికోటలో ఉండా. నీకేం, ఎన్నైనా చెప్తావు."

చివరికి టేపుకు అటూ ఇటూ కాళ్లు వేసుకుని కూర్చుని, అంగుళం అంగుళం జరుగుతూ లోయ దాటారు. ఎంత నిజంగా అనిపించింది, ఒకటి నుంచి ఏడులోపు చెప్పమంటే పదకొండు అన్నారు. పడవలో కూర్చోబెడితే పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టారు. హెడ్‌సెట్ తీశాక తువ్వాలు అడిగారు.

ఇక మళ్లీ రారనుకుంది. మర్నాడు పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, వెనక కూరగాయల మార్కెట్లో పోగుచేసిన నలుగురైదుగురు పెద్దవాళ్లతో. "నిన్న గండికోటలో సచ్చి బతికినా" అని ఆయన చెప్పిన కథ విని, చూసి నవ్వుకుందామని వచ్చారు వాళ్లు. ఆయన మళ్లీ పలక ఎక్కారు, మళ్లీ గ్యాస్ సిలిండరు సంగతి ఎత్తారు. వచ్చినవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. నవ్వాక ఒక్కొక్కరే "ఇంతోటి దానికి ఇంత రచ్చనా, ఇటియ్యి చూస్తాం" అని హెడ్‌సెట్ తగిలించుకున్నారు.

అలా రోజూ జరిగింది. కౌముదికి మనుషులు దొరికినా విసుగూ పుట్టింది. ఈయన కేకలకు మిగతావాళ్ల జవాబులు సరిగ్గా వినపడేవి కావు. దానికి తోడు పట్టీ ఒకటి చెడిందనుకుంది. ఆయన ప్రాణం పోతున్నట్టు అరుస్తుంటే, తెర మీద గుండె గీత మాత్రం భోజనం చేసి కునుకు తీస్తున్న మనిషిదిలా చదునుగా సాగుతోంది. పట్టీ మార్చింది. అదే గీత. తన చేతికి కట్టుకుని చూసుకుంది. అంతా సరిగ్గానే ఉంది.

ఒకరోజు గులాబ్‌బీ వచ్చింది. కూతురు పర్వీన్ పట్టుకుని తీసుకొచ్చింది. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి ఆమె వీధి గడప దాటడం మానేసింది. ఎముక అతుక్కుందని డాక్టరు చెప్పినా గోడ వదిలి నడవదు. సొంత మనవరాలి నిఖాకు కూడా పోలేదు. ల్యాబులోకి వస్తూనే కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేను చూసేకి వచ్చినా బేటీ. ఎక్కను."

"ఎక్కొద్దులే. మామ ఎక్కుతాడు, తెర మీద చూస్తా కూర్చో" అంది కౌముది.

ఆ రోజు పద్మనాభం గారు గండికోట దాకా పోలేదు. పిల్లకాలువ దగ్గరే కూలబడ్డారు. "గులాబ్‌బీ, నాకు కాళ్లాడ్తాల్యా."

"అయ్యోరూ, చేతి కర్ర ముంచితే అడుగు తగిలే కాలవ అది. మేకపిల్లలు దాటుతాయి."

"కుర్చీలో కూర్చోని మీరు చెప్తారు. ఈడికొస్తే తెలుస్తాది. నన్ను ఎవురన్నా పట్టుకోండి, తిరిగి పోలేను, ముందుకు పోలేను." అంటూ బల్ల కిందికి దూరారు.

గులాబ్‌బీ కాసేపు చూసింది. నవ్వింది. తర్వాత ఆమెకు నిజంగానే ఓర్పు నశించింది. "బేటీ, ఆ డబ్బా ఇట్లియ్యి. ఈ మనిషి పొద్దుగూకేదాకా ఆన్నే ఉండేట్టుండాడు."

హెడ్‌సెట్ తగిలించుకుని కుర్చీ వదిలింది. కాలువ దాటింది. వెనక్కి తిరిగి "సూస్తిరా, ఏమన్నా అయిందా?" అని, ఆయన ఇంకా వణుకుతున్నానని చెబితే మళ్లీ దాటి చూపించింది. హెడ్‌సెట్ తీశాక కూడా ఆయనకు ధైర్యం చెబుతూ, గోడ సంగతే మరిచిపోయి, ఆటో దాకా నడిచిపోయింది. పర్వీన్ పట్టుకోవడానికి చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

కౌముది తెర వైపు చూసింది. బల్ల కింద ఉన్న మనిషి గుండె గీత హాయిగా, తాపీగా సాగుతోంది.

సాయంత్రం కౌముది కింది ఇంటికి పోయేసరికి పద్మనాభం గారి భార్య వేదవతి వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

"అత్తా, మామకు నిజంగా భయమేనా?"

వేదవతి తల ఎత్తలేదు. "పెండ్లయి జమ్మలమడుగులో కాపురం పెట్టినప్పుడు ఉరుమంటే నాకు పానం పొయ్యేది. సిగ్గుపడి ఎవురికీ చెప్పలా. ఒకదినం మబ్బు పట్టింది. నాకంటే ముందు ఆయన మంచం కిందికి దూరె. బయటికి రాండి, ఏం కాదని బతిమాలినా. ప్రతి వానకాలం అదే తంతు. ఆయనకు ధైర్యం చెప్పి చెప్పి నాకే ధైర్యమొచ్చె. అది నాకు అర్థమయ్యేతలికి మా పాపకు పెండ్లయిపాయె."

"ఎప్పుడూ అడగలేదా?"

"ఎందుకడుగుతా? ఇప్పటికీ ఉరిమితే ఆయన దూరుతాడు, నేను పోయి బయటికి పిలుస్తా. మా ఇద్దరికీ అది బాగుండాది." గింజలు చేటలోకి విసిరి నవ్వింది.

మర్నాడు ఆయన పట్టీ కట్టించుకుని హెడ్‌సెట్ కోసం చెయ్యి చాపితే కౌముది ఇవ్వలేదు.

"మామా, ఈ పట్టీ అంతా చెప్తాది. మీకు ఇసుమంత భయం కూడా లేదంట."

ఆయన పట్టీ వైపు చూసుకున్నారు. తలుపు వైపు చూశారు. గొంతు బాగా తగ్గించి "గులాబ్‌బీకి తెలుసునా?" అన్నారు.

"తెలీదు. చెప్పల్నా?"

తెర మీద గీత ఒక్కసారిగా కొండెక్కింది. ఆయన్ను పరీక్షించడం మొదలుపెట్టాక అదే మొదటి ఎగుడు.

"చెప్పొద్దు పాపా. ఈ వారం మొయిన్ తాత వస్తానన్యాడు. ఆయన పడవకు బెదరతాడు. ఆయన వచ్చిపొయ్యేదాకన్నా చెప్పొద్దు."

కౌముది చెప్పలేదు. ఆయన కొలతలేవీ లెక్కలోకి తీసుకోలేదు, తీసుకుంటే పరిశోధన మొత్తం నవ్వులపాలవుతుంది. మొయిన్ తాత వచ్చారు. ఆయన తర్వాత ఇంకెందరో వచ్చారు. గైడు వేరే అంశం మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ పని మీద మాట్లాడడానికి పులివెందులలో ఒక కాలేజీ వాళ్లు కౌముదిని పిలిచారు. హాలు నిండా జనం. ముందు వరసలో ఆమెకు చదువు చెప్పిన టీచర్లు, పక్కన బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్లు. తెర చాటున నిలబడిన కౌముదికి చేతులు చల్లబడ్డాయి. మొదటి వాక్యం కూడా గుర్తుకు రావడం లేదు.

బస్సులో వచ్చిన పద్మనాభం గారు ఎక్కడి నుంచో ఆమె పక్కకు చేరారు.

"కౌముదీ, ఆ మైకు షాక్ కొడ్తాదేమో అడిగినావా? ముందు వరసలో మీసాలాయన నన్నే చూస్తాండాడు. నన్ను లేపి ఏమన్నా అడిగితే ఏం చెయ్యల్ల?"

ఆమెకు అంతా తెలుసు. ఆ వణుకు ఎంత నిజమో కొలిచి చూసింది కూడా తనే.

"మిమ్మల్ని ఎవురూ అడగరు మామా."

"ఇంగ్లీషులో అడిగితే?"

"నేనుండా కదా. రాండి, ఫ్యాను కింద కూర్చుందురు."

చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, కుర్చీ దుమ్ము తుడిచి కూర్చోబెట్టి, భుజం మీది కండువా సర్దింది. ఆయన ఇంకా ఆ మీసాలాయన సంగతి గొణుగుతూనే ఉన్నారు. అంతలో మైకులో ఆమె పేరు వినిపించింది. స్టేజీ ఎక్కాక గమనించింది, చేతులు వెచ్చబడ్డాయి. హాల్లోకి చూసింది. పద్మనాభం గారు కళ్లు గట్టిగా మూసుకుని, టపాకాయ పేలబోతున్నట్టు రెండు చెవులూ మూసుకుని కూర్చున్నారు.

కౌముదికి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. ఎందుకో తెలియకుండానే ముందు వరస కూడా నవ్వింది. ఆ నవ్వు మీదే ఆమె మొదలుపెట్టింది.