ఓయ్నిసా నారింజ వెలుగు

మా ప్రయోగశాల పెద్ద తుర్గున్‌ను అందరం అకా, అంటే అన్న, అంటాం; ఆ తుర్గున్ అకాకు ఎదురు చెప్పి నెగ్గిన మనిషిని తాష్కెంట్‌లో ఒకే ఒక్కరిని చూశాను. ఆమె ఓయ్నిసా. కోకంద్ నుంచి చదువుకని వచ్చింది. తల్లికి పక్షవాతం రావడంతో మూడో ఏట చదువు మానేసి ప్రయోగశాలలో పనికి కుదిరింది. మొగుడు మెట్రో రైలు నడుపుతాడు. ఆమె ఇరవై మూడేళ్ళుగా జింకు సల్ఫైడు నలుసులు వండుతోంది. ఉష్ణమాపకాన్ని నమ్మదు, రొట్టె తుంచుకుని పొయ్యి పక్కనే నిలబడి తింటుంది.

ఆ నలుసులు కంటికి ఆనవు. వాటిలోకి కాస్త మాంగనీసు చొరబడితే, ఊదా దీపం కింద నారింజ రంగులో వెలుగుతాయి. చొరబడదు, అదే తంటా. నిండు బస్సులోకి ఎక్కబోయేవాణ్ణి లోపలివాళ్ళు నెట్టేసినట్టు, నలుసు దాన్ని బయటికి నెట్టేస్తుంది. అందుకే ఏళ్ళ తరబడి ఆమెది మసక వెలుగే.

పోయిన చలికాలం ఒక రోజు ఆమె నలుసులు వండిన ఆరు గాజు కుప్పెలూ మాగిన ఆప్రికాట్ రంగులో వెలిగిపోయాయి. తుర్గున్ అకా వచ్చి మూతి విరిచాడు.

"ఇదా నీ గొప్ప? కుప్పెలు సరిగ్గా కడగలేదు, మురికి వెలుగుతోంది. ముందు ఆ ముసలిదాన్ని ఇంటికి పంపాలి."

ముసలిది అంటే నేనే. అక్కడ కుప్పెలు కడిగేది నేను. ఓయ్నిసా ఊరుకోలేదు.

"మురికైతే ఒక్కో కుప్పెలో ఒక్కోలా ఉంటుంది అకా. ఆరింటిలోనూ ఒకటే వెలుగు. మురికికి అంత క్రమశిక్షణ ఎక్కడిది? మీ బల్ల చూసుకోండి, నాలుగు మూలల్లో నాలుగు రకాల దుమ్ము!"

అందరూ నవ్వారు. ఆయన బల్ల వంక చూసి, "సరే, రాసుకో పో" అన్నాడు.

రాసింది. మాంగనీసును చుక్కచుక్కగా, బాగా మెల్లగా పోయడమే కిటుకని రాసింది. ఇన్నేళ్ళూ వ్యాసాల చివర కృతజ్ఞతల దగ్గర కనబడిన పేరు మొదటిసారి మొదట్లో కూర్చుంది. ఆ కాగితం ఇంటికి తీసుకెళ్ళి మొగుడికి చూపించిందట.

వసంతంలో మా తమ్ముడి మనవరాలి పెళ్ళికి నేను నమంగాన్ వెళ్ళాను. పది రోజులు నా బదులు ఒక పిల్ల, గోడ మీది నియమాల కాగితంలో ఉన్నట్టు యాసిడ్‌తో కుప్పెలు కడిగింది. నేను తిరిగొచ్చేసరికి నారింజ వెలుగు పోయింది. ఓయ్నిసా స్టూలు లాక్కుని నా తొట్టి పక్కన కూర్చుంది. నన్ను ఆమె ఖోలా, అంటే పిన్ని, అంటుంది.

"ఖోలా, మీరు కుప్పెలు ఎలా కడుగుతారు?"

"చేత్తో. నువ్వు కాళ్ళతో కడుగుతావా?"

"కోప్పడకండి. మొదటి నుంచి చెప్పండి."

"యాసిడ్ నా వేళ్ళు తినేసింది. నవంబరు నుంచి మానేశా. చిటికెడు పర్మాంగనేట్ వేసిన నీళ్ళలో నానబెట్టి, తర్వాత నీళ్ళతో జాడిస్తా. మా అమ్మ చంటిపిల్లల స్నానం నీళ్ళలోనూ అదే వేసేది. దాంతో కడిగింది మురికెలా అవుతుందే?"

ఆమె ఒక పాత కుప్పెను కిటికీ వైపు ఎత్తింది. లోపల పలచగా గోధుమరంగు పొర. గాజు ముసలిదైందనుకున్నాను నేను.

"పర్మాంగనేట్‌లో ఉండేది మాంగనీసే, ఖోలా. ఈ పొర నెమ్మదిగా కరుగుతూ, నలుసు పెరుగుతుంటే లోపలికి చేరింది. నేను పైనుంచి పోసిన చుక్కలు ఎందుకూ పనికిరాలేదు."

"అయితే ఆ తుర్గున్ అన్నదే నిజమా?"

"సగం. ఆయన మురికన్నాడు. మీరు ఆరూ ఒకేలా కడిగారు కాబట్టి ఆ పొరా ఒకేలా ఉంది, అది ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు."

"మరి ఎవరికి తెలుస్తుంది? నోరు మూసుకుని అలాగే కడుగుతా. నీ పేరు ఉన్నచోటే ఉంటుంది."

ఆమె కుప్పెను ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కడో ఎవరో నా వ్యాసం చదివి, చుక్కలు పోసుకుంటూ ఏళ్ళు గడిపేస్తారు ఖోలా. నేను గడపలేదూ?"

నేను తడి చేతులు గుడ్డకు తుడుచుకున్నాను.

"సోమవారం సమావేశానికి అందరూ కూర్చుంటారు," అంది. "వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని నేను చెప్తా. మీరు తొట్టి, పర్మాంగనేట్ సీసా పట్టుకుని రండి. అందరి ముందూ ఎప్పటిలాగే కడగండి. కాకపోతే ఆ చిటికెడూ తీశాక నీళ్ళలో వెయ్యకండి. ముందు నా త్రాసులో వెయ్యండి, చిటికెడంటే ఎంతో ఈసారి సరిగ్గా రాస్తా."