మెషినక్క అరికాళ్ళు

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలీదు, తెలుసుకోవాలని ఎవరికీ తోచనూ లేదు. పెద్దాచిన్నా అందరికీ మెషినక్కే. పందొమ్మిదో ఏట కుట్టుమెషిన్ ముందు కూర్చున్న మనిషి, యాభైమూడో ఏడు వచ్చినా లేవలేదు. అమ్మా నాన్నా ఏడాది తేడాతో పోతే ఆమెకి మిగిలినవి ఒక మెషిను, ఒక అద్దిల్లు, తొమ్మిదేళ్ళ చెల్లెలు. ఆ పిల్ల పొట్టిగా, గుండ్రంగా ఉండేది. నేర్చుకున్న మొదటి పని గుండీలు కుట్టడం. ఇంకేముంది, అక్క దానికి గుండీ అని పేరు పెట్టేసింది. ఇప్పుడు ఆ గుండీకి నలభైమూడేళ్ళు. పేరూ మారలేదు, పనీ మారలేదు.

సంబంధాలు రాకపోలేదు. "ముందు దానిది కానివ్వండి" అని అక్క, "అక్కది కాకుండా నాదేంటి" అని చెల్లెలు. మీరు ముందంటే మీరు ముందని మర్యాదలు చేసుకుంటుంటే రైలు వెళ్ళిపోయింది. ఇద్దరూ దాని గురించి నవ్వుకునేవాళ్ళే తప్ప ఏడ్చింది లేదు.

వాళ్ళ ముందుగదే కొట్టు. బడి యూనిఫారాలు, చొక్కాలు, దిండు గలీబులు, కిటికీ తెరలు, ఏదొస్తే అది. అక్క తొక్కేది, గుండీ కాజాలు తీసి అంచులు మడిచేది. ముప్పైనాలుగేళ్ళు ఆ ఇంటికి అన్నం పెట్టినవి అక్క పాదాలు రెండే. మోటారు పెట్టించుకోమని ఎంతమంది చెప్పినా వినేది కాదు. "నా కాలికి తెలిసినంత మోటారుకి తెలుస్తుందా? గుడ్డ ఎక్కడ మందంగా ఉందో నాకు అరికాలు చెబుతుంది" అనేది. అందుకే చెప్పుల్లేకుండా వట్టికాళ్ళతోనే తొక్కేది.

నలభై దాటాక నడుం నొప్పి పట్టుకుంది. వచ్చిపోయే నొప్పి అయితే చుట్టం అనుకోవచ్చు. ఇది ఇల్లరికం వచ్చింది. పొద్దున లేవాలంటే మంచం కోడు పట్టుకుని మూడు విడతలుగా లేవాలి. మందుల కొట్టతను ఇచ్చే మాత్ర ఒకటి వేసుకుంటే మధ్యాహ్నం దాకా, రెండోది వేసుకుంటే సాయంత్రం దాకా. మొదట బజారుకి నడిచి వెళ్ళడం మానేసింది, తర్వాత వీధిలోకి రావడం మానేసింది, చివరికి నీళ్ళ చెంబు కూడా గుండీయే అందించాలి. తిండికి వేళాపాళా లేదు. పొద్దున బిస్కెట్లు, మూడింటికి అన్నం, మిగతా రోజంతా టీ. ఆకలేస్తే టీ, నిద్రొస్తే టీ, నొప్పి లేస్తే మరో టీ. ఒక్కోదానికి మూడేసి చెంచాల పంచదార. ఒళ్ళు వచ్చింది. "సుఖపడుతున్నావు మెషినక్కా!" అన్నారు వీధిలో వాళ్ళు. ఆ సుఖమేమిటో ఆమె నడుముని అడిగితే చెప్పేది.

రెండేళ్ళ క్రితం గుండీ పోరు పడలేక డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నడుము చూసి, రక్తం కూడా పరీక్ష చేయించాడు.

"షుగరు ఇంకా రాలేదమ్మా. గుమ్మం దాకా వచ్చి నిలబడింది" అన్నాడు. "నొప్పని మీరు కదలడం లేదు. కదలకపోతే నొప్పి పెరుగుతుంది, నిద్ర పట్టదు, ఒళ్ళొస్తుంది. అన్నీ కలిసి దాన్ని లోపలికి పిలుస్తాయి. అరగంటకోసారి లేవండి. పూటకి పది నిమిషాలైనా నడవండి. ఈ పంచదార మానండి. మూడు నెలలకి మళ్ళీ రండి."

ఆటోలో అక్క ఒకటే గొణుగుడు. "నడవలేక చస్తున్నానయ్యా అని వెళితే, నడవమంటాడే! ఆకలేస్తోందంటే ఉపవాసం ఉండమన్నట్టుంది."

గుండీ మాత్రం పట్టు పట్టింది. పంచదార డబ్బా తీసుకెళ్ళి గుండీల డబ్బాల వెనక దాచింది. రోజూ అక్కని చెయ్యి పట్టుకుని నాలుగు కరెంటు స్తంభాల దూరం నడిపించింది. పదకొండు రోజులు జరిగిందా వైభవం. పన్నెండో రోజుకి బళ్ళు తెరిచే వేళ ముంచుకొచ్చింది, అరవై నిక్కర్లు ఒక్కసారిగా నెత్తినపడ్డాయి. సాయంత్రానికి అక్క మెషిన్ మీద నుదురు ఆనించి ఉండిపోయింది. ఏడుపు రాని మనిషి. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"గుండీ, ఒక్క కప్పు మంచి టీ పెట్టివ్వవే. ఈ లోకంలో నాకింకేం సుఖం ఉందే?"

మీరైతే ఏం చేసేవారు? తల్లీ తండ్రీ తానే అయి పెంచిన మనిషి జీవితంలో మొదటిసారి చెయ్యి చాపి అడిగింది. గుండీ వెళ్ళి డబ్బా తీసింది. మూడు చెంచాలు వేసింది. మొదటి గుక్కకి అక్క ముఖం విచ్చుకోవడం చూసి తనే కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నొప్పి ఎక్కువైన రోజున నాలుగో చెంచా కూడా పడేది. నొప్పి తీసెయ్యడం గుండీ చేతిలో లేదు, పంచదార వెయ్యడం ఉంది. మూడు నెలల మాట ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

మరుసటేడు అరికాళ్ళు మంటలు మొదలయ్యాయి. నిప్పుల మీద నిలబెట్టినట్టుందే అనేది అక్క. ఇంతసేపు తొక్కితే మండవా మరి అని సర్దిచెప్పుకున్నారు. గుండీ తడిగుడ్డలు చుట్టేది, కొబ్బరినూనె వెచ్చబెట్టి మర్దనా చేసేది. అలా ఎనిమిది నెలలు. ఒక రోజు పొద్దున్నే అక్క గావుకేక పెట్టింది.

"గుండీ! మంటల్లేవే! ఒట్టు, ఒక్క చురుక్కు కూడా లేదు! నీ చేతి చలవే ఇదంతా!"

గుండీకి ఆ రోజు నేల మీద కాళ్ళు ఆనలేదు. ఎదురింటావిడకి చెప్పింది, పాలతనికి చెప్పింది, గుడ్డలివ్వడానికొచ్చిన వాళ్ళందరికీ చెప్పింది. "డాక్టర్లెందుకు, నా నూనే నయం చేసింది" అని చేతులు తిప్పుతూ చెప్పింది. మంటలు పోయాయి కదా అని మర్దనా కూడా మానేసింది. ఇక అక్క అరికాళ్ళు చూసే దిక్కు లేకపోయింది. వంగలేని మనిషి తన అరికాలు తాను చూసుకుని ఎన్నేళ్ళయిందో!

ఈ ఏడు యూనిఫారాల వేళ ఒక సూది విరిగింది. సూది విరిగితే రెండో ముక్క దొరికేదాకా ఆ కొట్లో మెషిన్ కదలకూడదు. అది అక్క పెట్టిన శాసనం. పసిపిల్లలు తొడుక్కునే బట్టలు మరి. పై ముక్క మెషిన్‌కే ఉంది, మొన ముక్క కనిపించలేదు. గుండీ చాపలు దులిపింది, నిక్కర్లు తిరగేసింది, నాలుగింటికి కుట్లు విప్పేసింది. అక్క కూడా నడుం పట్టుకుని లేచి, వట్టికాళ్ళతో గదంతా తిరిగి వెతికింది. దొరకలేదు. "ఈ మూటలోది ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వకే. ఏ పిల్లాడికి గుచ్చుకుంటుందో" అని ఆ నిక్కర్లన్నీ పక్కన పడేయించింది.

వారం గడిచింది. సాయంత్రాలు నేల మీద రాలిన గుండుసూదులు ఏరడానికి గుండీ దగ్గర ఒక అయస్కాంతం ఉండేది, పాత రేడియోలోంచి ఊడదీసింది. దానికి తాడు కట్టి నేలంతా ఈడ్చుకుంటూ తిరిగేది. సూది విరిగిన నాడు ఎంత ఈడ్చినా మొన ముక్క దానికి అంటలేదు. ఈ సాయంత్రమూ అలాగే ఈడ్చుకొస్తోంది. అక్క కాళ్ళు ముందుకి చాపి టీ తాగుతోంది. అయస్కాంతం ఆ కాళ్ళ పక్కగా వస్తూ చటుక్కున ఎగిరి కుడి అరికాలికి అతుక్కుంది.

గుండీకి ముందు నవ్వొచ్చింది. తాడు లాగింది. చర్మం కూడా దాంతోపాటు లేచింది. ఒంగి చూస్తే వేళ్ళ కింద రూపాయి బిళ్ళంత మేర నల్లగా ఉంది, నడుమ చీము. చచ్చిన ఎలుక వాసన.

"అక్కా... నొప్పి లేదా?"

"ఎక్కడే?" అంది అక్క, ఇంకో గుక్క తాగుతూ.

ఆసుపత్రిలో చూస్తే షుగరు నాలుగు వందలు దాటి ఉంది. గుండీ మంటలు తగ్గిన సంగతి చెబితే అక్కడి డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "తగ్గలేదమ్మా. మంట తెలిపే నరాలు చచ్చిపోయాయి" అన్నాడు. కుడి పాదంలో వేళ్ళూ, సగం పాదమూ తీసేశారు.

కట్టు కట్టిన కాలు చూడలేక గుండీ మంచం పక్కన కూలబడింది. "నేనే చేశానక్కా. ఆ డబ్బా నేనే తీశాను. పంచదారంతా నా చేత్తో నేనే పోశాను. పైగా నయమైందని వీధంతా చాటాను" అని గుండె పగిలేలా ఏడ్చింది.

"ఛీ, నోర్ముయ్. అడిగింది నేను. నువ్వు పెట్టకపోతే ఎదురింటికి పోయి అడుక్కుని తాగేదాన్ని" అంది అక్క. దుప్పట్లోంచి రెండో కాలు బయటపెట్టి, "ఎడమకాలు రాయిలా ఉంది చూడు. మోటారు పెట్టించేద్దాం. మోటారుకి ఒక కాలు చాలు కదే?" అంది. ఇన్నేళ్ళు కాదన్న మోటారు మీద ఆమెకి ఇప్పుడు కొండంత ఆశ పుట్టింది. నెలంతా అదే మాట. దాన్ని ఎటు పెట్టాలి, కుర్చీ ఎంత ఎత్తుండాలి, రోజుకి ఎన్ని నిక్కర్లవుతాయి అని ఒకటే లెక్కలు. కొట్టు తెరవకపోతే ఇద్దరూ ఎలా బతకాలో ఇద్దరికీ తెలీదు.

కట్లు విప్పిన రోజు డాక్టరు ఎడమ పాదం పరీక్షిస్తానన్నాడు. "దీనికి స్పర్శ ఉంటే మెషిన్ మాట ఆలోచిద్దాం. లేకపోతే ఈ కాలైనా దక్కించుకోవడమే ఇక మన పని."

గది బయట బల్ల మీద కూర్చున్నప్పుడు అక్క గుండీ చెయ్యి దగ్గరికి లాక్కుంది.

"ఒసేయ్, కళ్ళు మూసుకోమంటాడట. నా చెయ్యి పట్టుకునే ఉండు. ఆయన తాకినప్పుడల్లా కాస్త నొక్కు. నాకు తెలీక కాదే... కంగారులో ఒకటో రెండో తప్పిపోతే!"

అదే గొంతు. ఆ రోజు మెషిన్ మీద నుదురు ఆనించి టీ అడిగిన గొంతే.

లోపల అక్క బల్ల మీద పడుకుని కళ్ళు మూసుకుంది. డాక్టరు సన్నటి నైలాన్ పోగు ఒకటి తీశాడు. "తగిలినప్పుడల్లా ఊ అనండమ్మా" అన్నాడు. గుండీ అక్క చెయ్యి రెండు చేతులతోనూ పట్టుకుంది.

పోగు బొటనవేలికి ఆని వంగింది. తర్వాత చిటికెనవేలికి. తర్వాత వేళ్ళ మొదట్లో, మడమ మీద, పాదం అంచున. ప్రతిసారీ అక్క వేళ్ళు గుండీ అరచేతిలో అడుగుతూనే ఉన్నాయి. ఒక్క నొక్కు నొక్కితే చాలు, ఆ ముఖం విచ్చుకుంటుంది. పళ్ళు బిగబట్టింది గానీ చెయ్యి నొక్కలేదు.

డాక్టరు పోగు పక్కన పెట్టేశాడు. అక్క ఇంకా కళ్ళు మూసుకునే ఉంది, బడిలో పేరు పిలిచేదాకా ఎదురుచూసే పిల్లలాగా.

"ఇంకా మొదలెట్టలేదా డాక్టరుగారూ?" అంది.

ఆయన గుండీ వైపు చూశాడు.

"మొదలెట్టారక్కా," అంది గుండీ. "అయిపోయింది కూడా."