ఆగకూడని చోట ఆగని బండి

పోయినవాళ్లకు తొందర ఉండదు, తొందరంతా సాగనంపేవాళ్లదే. తిరిగిన ఊళ్లలో చాలా అంతిమయాత్రలు చూశాను. ఒకచోట పాడెను పడవ మీద దాటిస్తారు, ఒకచోట ఎవరో తరుముతున్నట్టు ఉరుకుతారు. వరంగల్లో మాత్రం డప్పు ఎంత నడిస్తే బండి అంతే నడుస్తుంది. ఆ నడకను కాపాడుకుంటూ ముసలివాడైనవాడు కట్టయ్య.

అతనిది పాత పెట్రోలు లారీ. తండ్రి మిలిటరీ వేలంలో కొన్నాడు. కట్టయ్య దానికి పందిరి వేసి, పూలదండలకు కొక్కేలు కొట్టి వైకుంఠరథం చేశాడు. డీజిల్ ఇంజన్ పెట్టించుకొమ్మని చెప్పనివాడు లేడు. "డీజిల్ బండి మొత్తుకుంటది. ఇగ మనుషుల ఏడుపు ఎవలకు ఇనవడ్తది?" అనేవాడు.

ఈ బండికి ఒక కట్టుబాటు ఉంది. ఇంటి ముందు కదిలాక దింపుడు కళ్లం దాకా ఆగకూడదు. శ్మశానానికి పోయే దారిలో శవాన్ని నేల మీదికి దించి, చెవి దగ్గర మూడుసార్లు పిలిచే చోటది. పలుకుతారని కాదు, ఇక పలకరని మన చెవులకు తెలియడానికని నేననుకుంటాను. నడుమ బండి ఆగిందంటే మాత్రం పోయిన ప్రాణానికి అక్కడేదో కొరత మిగిలిందంటారు. ఎవరి గడప ముందు ఆగితే వాళ్లకు నింద.

కిందటి వానాకాలం ఇంజన్ పని అయిపోయింది. కార్బురేటర్ కారుతోంది, క్యామ్‌షాఫ్ట్ అరిగింది. కార్బురేటర్ అంటే ఇంజన్‌కు ముక్కు. గాలిలో పెట్రోలు కలిపి లోపలికి పంపుతుంది. క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు లోపలి తలుపులు ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో చూసుకుంటుంది. ఊపిరి బిగించడం, వదలడం గురించి యోగులు రాసిన పుస్తకాలన్నీ ఒక మెకానిక్‌కు చదివి వినిపించాలని నాకు చాలాకాలంగా కోరిక. ఆ సంగతి మరోసారి.

కట్టయ్య బామ్మర్ది మహిపాల్ పందేల జీపులు తయారుచేస్తాడు. "ఒక్కసారి ఖర్చు పెడ్తాన్నవ్ బావా, పెద్దదే పెట్టుకో" అని వెడల్పు నోరున్న కార్బురేటర్ తెచ్చాడు. దానికి జోడుగా, తలుపులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్‌షాఫ్ట్. ఇద్దరూ ఖాళీ బండిని నర్సంపేట రోడ్డెక్కించారు. ముసలి లారీ కోడెదూడలా ఉరికింది. పత్తి ట్రాక్టర్లను దాటేస్తుంటే కట్టయ్యకూ నవ్వాగలేదు. మనకదే అలవాటు. ఏ బండి చేతికొచ్చినా ముందు ఉరికించి చూస్తాం, దాని పని ఉరకడమేనా అని అడగం.

మొదటి చావుకే పరువు పోయింది. చిలుకమ్మ అనే ముసలమ్మను తీసుకుపోతుంటే, ఆమె మనుమరాలు దీప ఇంటి ముందు బండి దగ్గి, వణికి, ఆగిపోయింది.

"చూసినవా, మనుమరాలి కాడనే ఆగింది" అన్నదొకామె.

"ముసల్దాన్ని ఎట్ల చూసుకున్నదో ఏమో. ఆగదా మరి" అన్నది పక్కామె.

దీప గడపలోనే కూలబడింది. చివరిదాకా ముసలమ్మకు గంజి తాగించింది ఆ పిల్లే. "అమ్మా, తప్పు ఇంజన్‌ది" అని కట్టయ్య ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఇంజన్ సాక్ష్యం చెల్లదు కదా.

ఇంటికొచ్చి బామ్మర్దితో అన్నాడు: "నడిచే బండిని ఉరికిచ్చి చూసినమురా. ముక్కు పెద్దదైతే ఏం లాభం, పీల్చే ఊపిరి ఉండాలె గద."

మహిపాల్‌కు అర్థమైంది. ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు ఆ వెడల్పు నోట్లో గాలి మందగిస్తుంది, పెట్రోలు సరిగ్గా కలవదు. పైగా గాలి వచ్చే తలుపూ పొగ పోయే తలుపూ ఒక్కసారే తెరుచుకుని ఉండే సమయం ఎక్కువై ఊపిరి నిలవదు. ఉరికేటప్పుడు బలమయ్యేదే నడిచేటప్పుడు రోగం.

ఆదివారం ఎనుమాముల మార్కెట్ ఖాళీగా ఉంటుంది. లారీలో ఇసుక బస్తాలేసి అక్కడికి తెచ్చారు. ముందు నడవడానికి కట్టయ్య భార్య పూలమ్మ వచ్చింది.

"నేను పోయినంక తోలుకపోతవనుకున్న. బతికుండంగనే ముంగట నడిపిస్తాన్నవా?"

"జర మెల్లగ నడువే. ఏడుపు మొకం పెట్టుకో."

"నీతోని కాపురం చేసినదాన్ని. కొత్తగ పెట్టుకునుడెందుకు, ఉన్నదే గద."

ఆ వారం చిన్న కార్బురేటర్ ఒక్కటే బిగించి చూశారు. వణుకు తగ్గింది, పోలేదు. మరుసటి ఆదివారానికి క్యామ్‌షాఫ్ట్ కూడా మార్చారు. పాతదాని కొలతలదే, తలుపులు తొందరగా మూసేది. పూలమ్మ నడిచింది, చెప్పు సర్దుకోవడానికి వంగింది, మళ్లీ నడిచింది. ఆమె వెనక లారీ ఆవులా వచ్చింది. "ఇగ చాలు, కాళ్లు గుంజుతానయ్" అన్నాక గానీ ఆపలేదు.

తర్వాత పోయింది నూనె వ్యాపారి పాండురంగం. అదే బజారులో తమ్ముడు శ్యాంసుందర్ దుకాణం. పంపకాలప్పుడు మాట పట్టింపు వచ్చింది, అన్నదమ్ములకు మాటల్లేవు. పాండురంగం కూతురు స్రవంతి స్టీరింగ్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నది: "కాకా, మా బాబాయి దుకాణం ముందు మాత్రం ఆగొద్దు. ఆగితే ఈ పంచాయితీ మా పిల్లలదాకా పోతది."

"ఫికర్ చెయ్యకు బిడ్డా" అని కట్టయ్య బండి కదిలించాడు.

సరిగ్గా ఆ దుకాణం ముందే డప్పులవాళ్లు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. బండి చీమ నడకకు వచ్చింది. క్లచ్ మీద పాదం, చెవి ఇంజన్ మీద. ఇంజన్ దగ్గలేదు, వణకలేదు. నిద్రపోయే మనిషి ఊపిరిలా సన్నగా మోగుతూనే ఉంది. చక్రాలు కదులుతూనే ఉన్నాయి.

సగం దించిన షట్టర్ పైకి లేచింది. శ్యాంసుందర్ చెప్పుల్లేకుండా దిగి, లారీ చెక్క పట్టుకుని నడవసాగాడు. నింద వేయడానికి బండి ఆగితే కదా. వచ్చింది తమ్ముడే, తన కాళ్ల మీద.

దింపుడు కళ్లం దగ్గర కట్టయ్య తాళం తిప్పాడు. ఇంజన్ ఆగిన నిశ్శబ్దంలో శ్యాంసుందర్ వంగి అన్న చెవిలో పిలిచాడు. మొదటి రెండుసార్లూ పక్కనున్నవాళ్లకు కూడా వినపడలేదు. మూడోసారి "అన్నా" అన్నది అందరికీ వినిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు కట్టయ్య దగ్గరి దారి వదిలేసి దీప వాళ్ల గల్లీలోకి తిప్పాడు. ఖాళీ బండే, కానీ అదే శవయాత్ర నడక. నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు పట్టుకుని చూస్తున్నారు. బండి దీప గడప ముందుకు వచ్చింది, అంతే మెల్లగా దాటిపోయింది.

"గప్పుడు ఇంజనే ఖరాబున్నట్టుండె" అన్నదొకామె.

"మరి నేనేమన్న?" అన్నది పక్కామె, బిందె ఎత్తుకుంటూ.

కట్టయ్య ఎన్నో రోజుల తర్వాత గట్టిగా ఊపిరి వదిలి, గల్లీ మూల తిరిగాక గేరు మార్చాడు.